పాత మోటారుసైకిలు: కొనుట, నడుపుట

ధర్మసాగర్ ప్రాంతపు రైతునకు నేడు మోటారుసైకిలు విలాసవస్తువు కాదు. తెల్లవారకమునుపే పాలు కేంద్రమునకు చేర్చుటకును, కాజీపేట మీదుగా హనుమకొండకు పోయి విత్తనములు, మందులు తెచ్చుటకును, ఏనుమాముల మార్కెట్టులో ప్రత్తి, మిరప ధరలెట్లున్నవో స్వయముగా తెలిసికొని ప్రొద్దు గ్రుంకులోపల బావికడకు చేరుటకును అదియే సాధనము. అప్పుచేసి క్రొత్తబండి కొనుటకంటె చేతనున్న సొమ్ముతో పాతబండి కొనుట మేలే. అయితే పాతబండికి ధరలు రెండు. అమ్మువాడు చెప్పునది యొకటి. కొన్న పిమ్మట మనము చెల్లించునది రెండవది. ఈ రెండవ ధరను ముందే కనుగొనుట యెట్లో ఈ పాఠమున వివరింపబడును.

1. బండి వయస్సు

అంగడిలో ఎద్దును కొనువాడు మొదట నోరు తెరచి పళ్ళు చూచును. బండికి పళ్ళవంటిది నమోదు సంఖ్య. ‘ఏపీ 36’ అని మొదలగునవి పూర్వపు వరంగల్ జిల్లాలో, 2014 జూను మాసమునకు ముందు నమోదైనవి. పిమ్మట ‘టీఎస్’, 2024 మార్చి నుండి ‘టీజీ’ అక్షరములు వచ్చినవి. సొంత వాహనమునకు మొదటి నమోదు 15 సంవత్సరములు చెల్లును. తరువాత బండిని తనిఖీ చేయించి, రుసుము చెల్లించి, 5 సంవత్సరములకు పొడిగించుకొనవలెను. కావున చౌకగా దొరకెనని 14 ఏండ్ల బండిని కొన్నవానికి మరుసటి ఏటనే ఆ వ్యయము తప్పదు.

మీటరులోని కిలోమీటర్లను నమ్మరాదు. వానిని వెనుకకు త్రిప్పువారు కలరు. కాలు మోపు రబ్బరు, బ్రేకు పెడలు, హ్యాండిలు పిడులు ఎంత అరిగినవో చూచిన నిజము తెలియును. టైరు ప్రక్కన నాలుగంకెలుండును. 2319 అనగా 2019వ సంవత్సరపు 23వ వారమున తయారైనదని యర్థము.

మన మేస్త్రీకి పరిచయమై, విడిభాగములు దగ్గరలో దొరకు రకమునే యెన్నుకొనవలెను. 1994లో వెలువడిన స్ప్లెండరు మొదలగు 100 సీసీ తరగతి బండ్లు ఇందుకు తగినవి. 2020 ఏప్రిల్ నుండి అమలైన బీఎస్ 6 నియమములవలన క్రొత్తబండ్లలో కార్బురేటరుకు బదులు ఎలక్ట్రానిక్ సాధనము వచ్చినది. వాని మరమ్మతు తెలిసినవారు చేరువలో ఉన్నారా యని ముందే విచారింపుడు.

2. యంత్ర పరీక్ష

ఎద్దును అమ్మువాడు దానిని కడిగి, మేపి, కొమ్ములకు రంగు పూసి తెచ్చును. బండిని అమ్మువాడు మీరు రాకమునుపే యింజనును వేడిచేసి యుంచును. చేయి పెట్టి చూడుడు. వేడిగా నున్నచో చల్లారువరకు ఆగుడు. చల్లని యింజను రెండు మూడు తన్నులకు అందుకొనవలెను. పొగగొట్టమునుండి నీలిపొగ విడువక వచ్చినచో యింజను ఆయిలును త్రాగుచున్నదని తెలిసికొనుడు. ఆ మరమ్మతుకు బండి వెలలో గొప్పభాగము పోవును. ముందుచక్రమును నేలనుండి లేపించి అటునిటు కదల్పుడు. కటకటమన్నచో బేరింగులు అరిగినవి. వెనుకనుండి చూచినప్పుడు రెండు చక్రములును ఒకే వరుసలో నుండవలెను. లేనిచో బండి ఎక్కడనో గట్టిగా పడినది. తుదకు, నమ్మకమైన మేస్త్రీని వెంటబెట్టుకొని రెండు మూడు కిలోమీటర్లు నడిపి చూడుడు.

3. పత్రములు

యంత్రదోషము సొమ్ముతో తీరును. పత్రదోషము భూమికే ముప్పు తెచ్చును.

ఆర్సీలోని ఇంజను, ఛాసిస్ సంఖ్యలు బండిపై చెక్కిన సంఖ్యలతో సరిపోవలెను. ఆకురాయితో రాచిన గురుతు కనబడినచో అచ్చటినుండి లేచి రండు. బండిపై ఋణమున్నట్లు ఆర్సీలో వ్రాసియున్నచో, ఋణము తీరెనని అప్పిచ్చినవారు ఇచ్చు 35వ ఫారము, నిరభ్యంతర పత్రము అడుగుడు. 29, 30 ఫారములపై సంతకములు తీసికొనక పూర్తి పైకము ఇయ్యరాదు. 1988 నాటి మోటారు వాహనముల చట్టము ప్రకారము, రాష్ట్రములోనే జరిగిన అమ్మకమును అమ్మినవాడు 14 దినములలో, కొన్నవాడు 30 దినములలో రవాణా కార్యాలయమునకు తెలుపవలెను.

ఈ నియమము విలువ నేను ఆలస్యముగా నేర్చితిని. కొన్నేండ్లక్రిందట నా బండిని పరిచయస్థునకు అమ్మి, తెల్లకాగితముపై వ్రాయించుకొని, పేరు మార్పు సంగతి అతనికే విడిచితిని. అతడు మరియొకనికి అమ్మెను. రెండేండ్లకు, నేనెన్నడును పోని పట్టణమునుండి చలానాలు నా పేర వచ్చినవి. పిమ్మట ఆ బండి యొక వృద్ధుని గ్రుద్దెననియు, దానికి బీమా లేదనియు తెలియవచ్చినది. దైవకృపచే ఆయన బ్రదికెను. చికిత్స వ్యయములో కొంత నేను భరించితిని. తప్పు నాదే. ఆర్సీలో ఎవని పేరున్నదో వాడే యజమాని, పరిహారమునకు వాడే బాధ్యుడని సుప్రీంకోర్టు 2018లో తీర్పు చెప్పియున్నది.

బీమా విషయమున మరియొక హెచ్చరిక. 2018 సెప్టెంబరు నుండి క్రొత్త ద్విచక్రవాహనములకు ఇతరులకు కలుగు నష్టమునకై 5 ఏండ్ల బీమా ఒక్కసారే కట్టించుచున్నారు. అది ముగిసిన పిమ్మట మరల కట్టువారు అరుదు. కావున అయిదేండ్లు దాటిన బండికి బీమా లేదనియే భావించి విచారింపుడు. బీమా లేని బండిచే ఒకరు మరణించినచో పరిహారమునకై ఎకరము అమ్మవలసి రావచ్చును.

4. నడుపుట

గంటకు 60 కిలోమీటర్ల వేగమున బండి ఒక సెకనులో దాదాపు 17 మీటర్లు పోవును. వేగము రెండింతలైనచో బ్రేకు పట్టిన పిమ్మట ఆగుటకు నాలుగింతల దూరము పట్టును. రెండు బ్రేకులను కలిపి పట్టవలెను. 45 కిలోల యూరియా బస్తాను ట్యాంకుపై పెట్టుకొనరాదు; హ్యాండిలు తిరుగదు. వెనుక గట్టిగా కట్టి, ఇంకొకరిని ఎక్కించుకొనక మెల్లగా రండు. నడుపువాడును, వెనుక కూర్చున్నవాడును ఐఎస్ఐ ముద్రగల హెల్మెటు ధరింపవలెను. పదునెనిమిది నిండని కుమారునకు బండి ఇచ్చి ఆతడు నేరము చేసినచో తండ్రికి 3 సంవత్సరములవరకు కారాగారము, 25,000 రూపాయల జరిమానా విధింపవచ్చును.

కడపట మన యింటి మాట. దేవాదుల ఎత్తిపోతలచే గోదావరి జలములు ధర్మసాగర్ జలాశయమునకు చేరుచున్నవి. వానాకాలము, యాసంగి రెండింటను వరి వేయువారు మనలో ననేకులు. కోతలు కాగానే వడ్లు రోడ్డుపై ఆరబోసి, రాత్రి పట్టా కప్పి, అంచున రాళ్ళు పేర్చుచున్నాము. చీకటిలో ఆ రాళ్ళు కనబడవు. వడ్లపై చక్రము నిలువదు. అట్టిచోట దూరమునుండియే వేగము తగ్గించి, హ్యాండిలు త్రిప్పక, ముందు బ్రేకు గట్టిగా పట్టక దాటవలెను. అంతకంటె ముఖ్యముగా వడ్లను కళ్ళములోనే ఆరబోయవలెను. రోడ్డుపై ఆరబోయువారము మనమే. రాత్రివేళ వానిపై పడువారమును మనమే. ఈ మాసమున బండి కొనువారు పత్రములు చూచుకొందురుగాక. కొనని వారు తమ రాళ్ళను రోడ్డుమీదినుండి తీసివేయుదురుగాక.