అకిలీస్ – ఢిల్లీ : ఒక తేలిక క్రూయిజర్ సేవాచరిత్ర

మెట్టపొలముల నడుమ, సముద్రమునకు దూరముగా ఉన్న హనుమంతునిపాడు, మార్కాపురం, గిద్దలూరు ప్రాంతముల విద్యార్థికి ఒక యుద్ధనౌక చరిత్రతో ఏమి పని అని ఎవరైనను అడుగవచ్చును. ప్రశ్న న్యాయమైనదే. చరిత్రను ఎవరు ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ముగించుచున్నారో గమనించుట ఏ ప్రాంతపు విద్యార్థికైనను అవసరమే గదా! అందులకు ఈ నౌక మంచి ఉదాహరణము.

బ్రిటిష్ నౌకా చరిత్రలను తిరగవేసినచో అకిలీస్ అను పేరు 1939 డిసెంబరు 13వ తేదీతో ముడిపడి కనిపించును. ఆ దినమున జరిగిన పోరాటమును పుటల కొలది వర్ణించి, చివరకు '1948లో భారతదేశమునకు విక్రయింపబడినది' అను ధోరణిలో ఒక్క వాక్యముతో కథ ముగించుట పరిపాటి. లెక్క వేసి చూడుడు. ఆ నౌక 1933 నుండి 1948 వరకు అకిలీస్. 1948 నుండి 1978 వరకు ఢిల్లీ. మొదటిది 15 సంవత్సరములు, రెండవది 30. ఆయుర్దాయములో మూడింట రెండు వంతులు ఒక్క వాక్యములో ఇమిడిపోయినది. ఆ వాక్యమును విప్పి చూపుటయే మా ఉద్దేశము. అయితే పూర్వకథ తెలియనిదే ఉత్తరకథ రుచింపదు.

ముందుగా 'తేలిక క్రూయిజర్' అను మాట. తేలిక అనగానే బరువు తక్కువ అని తోచును. ఆ భావము సరికాదు. 1930 నాటి లండన్ నౌకా ఒడంబడిక ప్రకారము ఈ భేదము ఫిరంగి గొట్టము వ్యాసమును బట్టి ఏర్పడినది. 6.1 అంగుళములు మించని ఫిరంగులు గలది తేలిక క్రూయిజర్. అంతకు మించి 8 అంగుళముల వరకు గలది భారీ క్రూయిజర్. మన 'తేలిక' నౌక బరువు 7,270 టన్నులు, పొడవు 554 అడుగులు. ఆరు అంగుళముల ఫిరంగులు ఎనిమిది, రెండేసి చొప్పున నాలుగు టర్రెట్లలో అమర్చబడినవి. వేగము 32 నాట్లకు పైగా, అనగా గంటకు ఇంచుమించు 60 కిలోమీటర్లు. కవచము పలుచన. దూరపు సముద్ర మార్గములలో వర్తక నౌకలను కాచుట, శత్రువు జాడ తీయుట వీని పని.

ఇచ్చట భాషను గురించి ఒక ముచ్చట చెప్పక పోలేము. నౌకాదళమునకు అధిపతియైన అడ్మిరల్ పేరులో ఉన్నది అరబీ 'అమీర్' శబ్దమే. ఆసియా నావికులను ఆంగ్లేయులు 'లాస్కర్' అని పిలిచిరి. అది మన ఉర్దూలో సైన్యమను అర్థము గల 'లష్కర్'. గోదావరి లాంచీ నడుపు 'సరంగు' పార్శీ 'సర్‌హంగ్' నుండి వచ్చినవాడు. పరాయి ఓడలపై మన మాటలు మనకంటె ముందే ప్రయాణము చేసినవి.

అకిలీస్ నిర్మాణము ఇంగ్లండులోని బర్కెన్‌హెడ్ పట్టణమున కామెల్ లైర్డ్ నౌకాశాలలో 1931లో ఆరంభమైనది. 1932 సెప్టెంబరు 1న నీట దించిరి; 1933లో సేవలో చేరినది. లియాండర్ తరగతి అను పేర ఐదు నౌకలు కట్టగా ఇది వానిలో ఒకటి. అకిలీస్ గ్రీకు పురాణ వీరుడు. మడమ తప్ప తక్కిన శరీరమంతయు ఆయుధమునకు లొంగనిదట. మన దుర్యోధనునికి తొడలు ఎట్లో అతనికి మడమ అట్లు. పలుచని కవచము గల నౌకకు ఆ పేరు పెట్టినవారు కొంత చమత్కారులే అయి ఉందురు.

1936లో ఈ నౌకను న్యూజిలాండ్ విభాగమునకు అప్పగించిరి. నావికులలో సగమునకు పైగా ఆ దేశపు యువకులే. యుద్ధము రానున్నదని తెలిసి 1939 ఆగస్టు 29న ఆక్లండ్ రేవు విడిచి దక్షిణ అమెరికా తీరమునకు బయలుదేరినది.

అప్పుడు జర్మనీకి చెందిన గ్రాఫ్ ష్పే అను నౌక దక్షిణ అట్లాంటిక్ సముద్రమునను, హిందూ మహాసముద్రమునను సంచరించుచు తొమ్మిది వర్తక నౌకలను ముంచెను. దాని నాయకుడు హాన్స్ లాంగ్స్‌డార్ఫ్. ముంచిన ఆ తొమ్మిది నౌకలలోని మనుష్యులలో ఒక్కరి ప్రాణమైనను పోకుండ చూచినవాడు. శత్రువైనను ఈ మాట చెప్పక తప్పదు. డిసెంబరు 13 ఉదయము ఆరు గంటలు దాటిన కొద్దిసేపటికి లా ప్లాటా నదీముఖమునకు ఎదురుగా మూడు క్రూయిజర్లు దానిని ఎదుర్కొనెను. భారీ క్రూయిజర్ ఎక్సెటర్, తేలిక క్రూయిజర్లు ఏజాక్స్, అకిలీస్. సేనాని కమొడోర్ హెన్రీ హార్‌వుడ్. అకిలీస్ కెప్టెన్ డబ్ల్యు. ఇ. ప్యారీ.

బలాబలములు చూడుడు. గ్రాఫ్ ష్పే ఫిరంగులు 11 అంగుళములవి; ఒక్కొక్క గుండు ఇంచుమించు 300 కిలోలు. అకిలీస్ గుండు 50 కిలోలు, మన మార్కెట్టు యార్డులో హమాలీ ఒక్కడు వీపున మోయు మూటంత. పైగా జర్మను గుండు చేరగల దూరము చాల ఎక్కువ. దూరముగా నిలిచి పోరాడినచో మూడింటికిని చేటే. అందుచేత హార్‌వుడ్ తన నౌకలను రెండు వైపులకు విడదీసెను. ఎక్సెటర్ ఒక ప్రక్క, తేలిక నౌకలు రెండును మరొక ప్రక్క. శత్రువుకు ఉన్నవి రెండే పెద్ద టర్రెట్లు. ఎటు గురిపెట్టినను రెండవ ప్రక్క నుండి దెబ్బ తగులును. ఎక్సెటర్ ఘోరముగా దెబ్బతిని 61 మందిని పోగొట్టుకొని తప్పుకొనెను. అప్పుడు తేలిక నౌకలు వెనుకకు పోలేదు; మరింత దగ్గరకు చొచ్చుకొనిపోయినవి. అదియే ఆ దినమున గొప్ప నిర్ణయము. అకిలీస్ పన్నెండు వందలకు పైగా గుండ్లు ప్రయోగించెను. గుండు తునకలు గురిచూచు గదిని చీల్చినవి. నలుగురు మరణించిరి. ప్యారీ కాళ్ళకు గాయములు తగిలినను స్థానము విడువలేదు. స్తంభముపై న్యూజిలాండ్ జెండా ఎగురుచుండెను.

సుమారు గంటన్నర పోరాటము తరువాత గ్రాఫ్ ష్పే తటస్థ దేశమైన ఉరుగ్వే రాజధాని మాంటివిడియో రేవులో తల దాచుకొనెను. బయట పెద్ద నౌకాబలము కాచి ఉన్నదని బ్రిటిష్ వారు వదంతులు పుట్టించిరి. నిజమునకు ఆ రెండు చిన్న నౌకలకు తోడు వచ్చినది కంబర్లాండ్ అను ఒక్క క్రూయిజరే. వదంతి ఫిరంగి కంటె దూరము పోవును. డిసెంబరు 17న లాంగ్స్‌డార్ఫ్ తన నౌకను తానే ముంచివేసి, మూడు రోజులలో బ్యూనస్ ఐరిస్‌లో తుపాకితో ప్రాణము తీసుకొనెను.

తరువాతి యుద్ధకాలమును త్వరగా దాటుదము. 1941 అక్టోబరులో రాయల్ న్యూజిలాండ్ నౌకాదళము ఏర్పడగా అకిలీస్ దానిలో భాగమైనది. 1943 జనవరి 5న గ్వాడల్‌కెనాల్ సమీపమున జపాను విమానము వేసిన బాంబు వెనుకనున్న టర్రెట్లలో ఒకదానిపై పడి 13 మంది మరణించిరి. మరమ్మతుకు పోర్ట్స్‌మత్ చేరగా అక్కడ జూన్ నెలలో జరిగిన ప్రేలుడులో 14 మంది పనివారు చనిపోయిరి. వీరిని యుద్ధవీరుల జాబితాలో ఎవరు చేర్చెదరు? దెబ్బతిన్న టర్రెట్టును తీసివేసి, దాని స్థానమున విమానములను కూల్చు చిన్న ఫిరంగులను అమర్చిరి. కావున మన చేతికి వచ్చునాటికి ఎనిమిదికి బదులు ఆరు పెద్ద ఫిరంగులే మిగిలినవి. 1946లో నౌక తిరిగి బ్రిటిష్ నౌకాదళమును చేరెను.

ఇక ఆ ఒక్క వాక్యము. 1947లో దేశముతోపాటు నౌకాదళమును విభజించిరి. నదుల పేర్లు గల ఆరు స్లూప్ నౌకలలో నాలుగు మనకు, రెండు పాకిస్తానుకు. కృష్ణానది పేరిటి 'కిస్నా' మనకు దక్కినది. 'గోదావరి' పాకిస్తానుకు పోయి తరువాత 'సింధ్' అయినది! ఆంధ్రుల రెండు నదులు ఆ విధముగా విడిపోయిన సంగతి మన పాఠ్యపుస్తకములలో కానరాదు. మిగిలిన చిన్న నౌకలతో ఇంత పొడవైన తీరమును కాచుట కష్టము. క్రొత్త క్రూయిజర్ కట్టించు స్తోమత లేదు. కావున పదిహేనేండ్లు వాడిన, గాయములు తిన్న నౌకను కొనవలసి వచ్చినది. 1948 జూలై 5న అకిలీస్ 'ఢిల్లీ' అయినది. కెప్టెన్ హెచ్. ఎన్. ఎస్. బ్రౌన్ ఆంగ్లేయుడు, నావికులలో అత్యధికులు, ఏడువందల మందికి పైగా, భారతీయులు. సెప్టెంబరులో బొంబాయి చేరినది. హైదరాబాదుపై సైనికచర్య జరిగినదియు ఆ నెలలోనే.

ఒక వింత. ఢిల్లీ మన దళములో చేరిన మరుసటి నెలలో, 1948 ఆగస్టులో, భారత నౌకాదళమునకు అధిపతిగా వచ్చినవాడు వైస్ అడ్మిరల్ ఎడ్వర్డ్ ప్యారీ. లా ప్లాటా ఎదుట ఈ నౌకపైననే గాయపడిన ఆ ప్యారీయే! స్వతంత్ర భారతమున దళాధిపత్యము మరి పదేండ్ల వరకు ఆంగ్లేయుల చేతిలోనే నడిచినది. 1950 జనవరి 26 వరకు మన నౌకలపై ఎగిరినదియు బ్రిటిష్ నౌకాదళపు తెల్లజెండాయే. 1958 ఏప్రిల్ 22న మొదటి భారతీయ అధిపతి బాధ్యత స్వీకరించెను. ఆయన వైస్ అడ్మిరల్ రామదాస్ కఠారి. సికింద్రాబాదు మహబూబు కళాశాల పాఠశాలలోను, హైదరాబాదు నిజాం కళాశాలలోను చదివి, 1927లో 'డఫ్రిన్' శిక్షణ నౌకలో మొదటి జట్టున చేరినవాడు. సముద్రము లేని ఊరి చదువు సముద్రాధిపత్యమునకు అడ్డుకాలేదు.

1950 జూన్ నెలలో ప్రధాని నెహ్రూ ఇండోనీషియా యాత్రకు ఈ ఢిల్లీ మీదనే వెళ్ళెను. 1953లో ఎలిజబెత్ రాణి పట్టాభిషేక సందర్భమున స్పిట్‌హెడ్ వద్ద జరిగిన నౌకా ప్రదర్శనలో పాల్గొన్నది. తరువాత సినిమా! లా ప్లాటా పోరాటముపై 1956లో పావెల్, ప్రెస్‌బర్గర్ ఆంగ్ల చిత్రము తీసిరి. ఏజాక్స్, ఎక్సెటర్ వేషములు వేరే నౌకలు ధరించెను. గ్రాఫ్ ష్పే వేషము ఒక అమెరికను క్రూయిజర్‌ది. అకిలీస్ పాత్ర మాత్రము అకిలీసే నటించెను. అనగా మన ఢిల్లీ, మన నావికుల చేత నడుపబడుచు, తన పాత పేరును తాత్కాలికముగా ధరించినది. తెరపై ఆ నౌకను చూచి మురిసినవారిలో ఎందరు దానిని నడిపిన చేతులను తలచిరో!

వేషము తీసివేసిన తరువాత నిజమైన ఫిరంగులు మరల పలికినవి. 1961 డిసెంబరు 18న గోవా విముక్తిచర్యలో భాగముగా ఢిల్లీ డియూ కోటపై గుండ్లు కురిపించి పదాతిదళమునకు తోడ్పడెను. లా ప్లాటా తరువాత ఇరువది రెండేండ్లకు!

మనకు రెండవ క్రూయిజర్ 1957 ఆగస్టులో చేరిన 'మైసూరు', పూర్వనామము నైజీరియా. పాకిస్తాను కొన్న 'బాబర్' పూర్వము డయాడెమ్. ఈ రెండును ఇంగ్లండులో టైన్ నది ఒడ్డుననే పుట్టినవి. ఒకే నది బిడ్డలు ఎదురెదురు దళములలో చేరెను. 1965 సెప్టెంబరులో ద్వారకపై గుండ్లు వేసిన నౌకలలో బాబర్ ఒకటి. అమ్మినవారికి ఇద్దరును కొనుగోలుదారులే.

వయసు మీరిన ఢిల్లీ శిక్షణ నౌకగా మారినది. ఈ భాగమును చరిత్రకారులు ముచ్చటింపరు. ఫిరంగి మ్రోగలేదు గదా! మా దృష్టిలో ఇదియే దాని ముఖ్యమైన సేవ. ఓడను నడుపుట, యంత్రమును కాచుట, గాలిని, నీటిని చదువుట పుస్తకమున రాదు. క్యాడెట్లు ఈ ముసలి నౌక మీదనే అవి నేర్చి పోయిరి. 1969లో అది న్యూజిలాండ్ వెళ్ళి తన పాత స్వస్థలమును చివరిసారి చూచినది.

1978 జూన్ 30న బొంబాయిలో ఢిల్లీకి సేవ నుండి విశ్రాంతి ఇచ్చి, ఆపై విడగొట్టి ఇనుముగా అమ్మిరి. ఆ పేరు మరల బ్రదికినది. 1997 నవంబరు 15న దళములో చేరిన క్రొత్త ఢిల్లీ ముంబాయి మజగాన్ డాక్‌లో కట్టినది. విశాఖపట్టణము విహారయాత్రకు పోవు మన విద్యార్థులు సముద్రపు ఒడ్డున 2002 నుండి ప్రదర్శనలో ఉన్న 'కుర్సురా' జలాంతర్గామిని లోపల తిరిగి చూడవచ్చును. పాత ఢిల్లీకి అట్టి భాగ్యము లేదు. నౌకను విడగొట్టునపుడు దాని వెనుకభాగపు టర్రెట్టును న్యూజిలాండ్ వారికి కానుకగా పంపితిమి. ఆక్లండ్ సమీపమున డెవన్‌పోర్ట్ నౌకాస్థావరపు ద్వారము వద్ద ఆ జంట ఫిరంగులు నిలబడి ఉన్నవి. అవి 1939లో గ్రాఫ్ ష్పే పైకిని, 1961లో డియూ పైకిని గురిపెట్టిన నౌకవే.