దాత వయసు 70 అయితే కార్నియా పనికిరాదా?

ప్రశ్న: మా అమ్మకు 58 ఏళ్లు. కార్నియా మార్చాలన్నారు. దాత వయసు 70 అట. ఒప్పుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: ఒప్పుకోవచ్చమ్మా. కార్నియా లోపలి పొరలో ఉండే కణాలు నీరు చేరకుండా తోడేస్తూ దాన్ని స్వచ్ఛంగా ఉంచుతాయి. వయసుతో ఇవి తగ్గుతాయి, మళ్లీ పుట్టవు. మీ భయం అందుకే. కానీ 70 ఏళ్లవారిలోనూ చాలామందికి సరిపడా ఉంటాయి. ఐబ్యాంకులో మైక్రోస్కోపుతో లెక్కిస్తారు. చదరపు మిల్లీమీటరుకు 2,000కు పైగా ఉంటే సాధారణంగా తీసుకుంటారు. అమెరికాలో జరిగిన పెద్ద అధ్యయనంలో 66–75 ఏళ్ల దాతలవీ, అంతకన్నా చిన్నవారివీ ఐదేళ్ల తర్వాత ఒకేలా 86 శాతం నిలిచాయి. పదేళ్లకు మాత్రం 72 దాటినవారివి కొంత వెనకబడ్డాయి. లోపలి పొర ఒక్కటే మార్చే ఆపరేషన్‌కైతే సర్జన్లు పెద్దవారిదే కోరుకుంటారు. పడుచువారి పొర చుట్ట చుట్టుకుపోయి సతాయిస్తుంది!

మీరు డాక్టరుగారిని అడగాల్సింది వయసు కాదు, కణాల లెక్క. ఆపరేషన్ తర్వాత కన్ను నలపనివ్వకండి, చుక్కల మందు సొంతంగా ఆపకండి. ఎరుపు, నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం – వీటిలో ఏది కనిపించినా, ఏళ్లు గడిచాకైనా సరే, అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి.