అగ్రిమెంట్ మీద కొంటే ఎంతవరకు పలకవచ్చు?

ప్రశ్న: హైదరాబాద్ సైదాబాద్‌లో పాత ఇంటికి అగ్రిమెంట్ రాయించుకుని, రిజిస్ట్రేషన్‌కు ముందే మరో పెట్టుబడిదారుకు అప్పగించాలనుకుంటున్నాను. యజమానికి గరిష్ఠంగా ఎంత చెప్పవచ్చు?

జవాబు: యజమాని అడిగే ధరను పక్కనపెట్టి, బాగుచేశాక ఆ ఇల్లు పలికే ధర నుంచి వెనక్కి లెక్కకట్టండి. ఉదాహరణకు అది కోటి అనుకుందాం. మరమ్మతులకు 12 లక్షలు, వడ్డీకి, అమ్మకం కమీషన్‌కు 3, పెట్టుబడిదారు లాభం 15, మీ వాటా 2 పోగా 68 లక్షలు మిగులుతాయి. అంతా యజమానికి ఇచ్చేయలేరు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి 7.5 శాతం పెట్టుబడిదారు మీదే పడుతుంది. 68ని 1.075తో భాగిస్తే వచ్చే సుమారు 63 లక్షలే మీ హద్దు. అమెరికాలో వాడే 70 శాతం సూత్రం ప్రకారం కోటిలో 70 లక్షల నుంచి మరమ్మతులు, మీ వాటా తీసేస్తే 56 లక్షలే కదా అంటారేమో. ఆ గుండుగుత్త లెక్కతో బేరానికి వెళ్తే ఇక్కడి యజమాని మాట వినడు. విడివిడి ఖర్చుల లెక్కే నమ్మదగ్గది. 63కూ ఒప్పుకోకపోతే? వదిలేయండి. ఒక్క లక్ష పెంచినా అది మీ వాటాలోంచే పోతుంది.

ఇదంతా కాగితాలు సరిగా ఉంటేనే. పాతబస్తీ పరిసరాల్లో నోటరీ పత్రాల మీద చేతులు మారిన ఇళ్లున్నాయి. వాటికి బ్యాంకు రుణం దొరకడం కష్టం, కాబట్టి ఆ కోటి అంచనాయే తప్పుతుంది. జీపీఏ (జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ) అమ్మకాలతోనూ హక్కు బదిలీ కాదని సుప్రీంకోర్టు 2011లోనే తేల్చింది. ఈసీ (ఎన్‌కంబ్రెన్స్ సర్టిఫికెట్), నిషేధిత ఆస్తుల జాబితా చూశాకే బయానా ఇవ్వండి. అగ్రిమెంట్‌లో ‘కొనుగోలుదారు లేదా ఆయన సూచించిన వ్యక్తి పేరిట’ రిజిస్టర్ చేస్తానని యజమానితో రాయించుకోండి.