ముందు దూరం తేల్చుకోండి

ఈమధ్య ఏ పేపరు తిరగేసినా, ఏ టీవీ పెట్టినా ఫోకసే. గంజాయి మీద పోలీసుల ఫోకస్. ధాన్యం కొనుగోళ్ల మీద మంత్రిగారి ఫోకస్. వికెట్ పడితే బ్యాట్స్‌మన్ ఫోకస్ తప్పాడంటాడు కామెంటేటర్. నేను తెనాలిలో ఫోటో స్టూడియో పెట్టుకుని బతికినవాణ్ని. నాకది చేతిపని. లెన్స్ చుట్టూ ఉన్న రింగు తిప్పితే కుదిరేది, కాస్త ఎక్కువ తిప్పితే చెడేది. పని నేర్చుకోవడానికి వచ్చిన కుర్రాళ్లకి చెబుతూ వచ్చిన సంగతులు కొన్ని ఇక్కడ రాస్తున్నాను. కెమెరా పట్టనివాళ్లకీ పనికొస్తాయని నా నమ్మకం.

1. ఫోకస్ అంటే ఒక దూరం

లెన్స్‌కి పెళ్లికూతురు తెలియదు, తోడిపెళ్లికూతురు తెలియదు. దానికి తెలిసింది దూరం ఒక్కటే. 50 మిల్లీమీటర్ల లెన్స్ తీసుకోండి. దూరాన కొండని తీయాలంటే అది ఫిల్ముకి 50 మిల్లీమీటర్ల దగ్గర ఉంటే చాలు. మీటరు దూరంలో మనిషిని తీయాలంటే రెండున్నర మిల్లీమీటర్లు ముందుకి జరగాలి. అర మీటరులో పువ్వుని తీయాలంటే అయిదున్నర. ఫోటోగ్రాఫర్ పనితనమంతా ఆ అయిదారు మిల్లీమీటర్లలోనే.

అందుకే కొత్త కుర్రాడి చేతికి మొదటిరోజే కెమెరా ఇచ్చేవాణ్ని కాదు. టేపు ఇచ్చి గది కొలవమనేవాణ్ని. కుర్చీకీ తెరకీ ఎంత, తెరకీ లైటుకీ ఎంత? కళ్లతో చెప్పి తర్వాత కొలిచి చూసుకోమనేవాణ్ని. వారం తిరిగేసరికి కంటికి అంచనా వచ్చేది. సినిమావాళ్లలో ఈ ఒక్క పనికే ఒక మనిషి ఉంటాడు, ఫోకస్ పుల్లర్. కెమెరా పక్కన ఫిల్ము ఉన్న చోటుకి చిన్న గుర్తుంటుంది. అక్కడి నుంచి హీరో కంటిదాకా టేపు పట్టి, నేల మీద మార్కులు వేసుకుని, హీరో ఒక మార్కు నుంచి ఇంకో మార్కుకి నడుస్తుంటే రింగు తిప్పుతాడు. షాట్ బాగా వస్తే ఆయన పేరు ఎవరూ ఎత్తరు. మసకబారితే యూనిట్ అంతా ఆయన పేరే.

పిల్లల్ని 'చదువు మీద ఫోకస్ పెట్టు' అంటుంటాం. చదువు అనేది దూరం కాదు. 'రేపు సాయంత్రంలోగా ఈ అధ్యాయంలో రెండు లెక్కలు' అంటే అది దూరం. కుర్రాడు రింగు ఎటు తిప్పాలో తెలుసుకుంటాడు.

2. అద్దంలో ముఖం అద్దం మీద ఉండదు

మల్లెల కాలం వచ్చిందంటే మా స్టూడియోల ముందు పూలజడ ఫోటోలకి ఆడపిల్లలు బారులు తీరేవాళ్లు. పొద్దున్న కుట్టిన జడ సాయంత్రానికి వాడిపోతుంది కాబట్టి అందరూ ఒకేసారి వచ్చేవాళ్లు, వెనకాల మామ్మగార్లు తొందరపెట్టేవాళ్లు. ఆ ఫోటో మీరూ చూసే ఉంటారు. పిల్ల వీపు మనవైపు, జడంతా కనిపిస్తుంది. ఎదురుగా నిలువుటద్దం, అందులో ముఖం. ఒకే ఫోటోలో రెండూ రావాలి. జడ మసకైతే అంత శ్రమా వృథా అయిందని తల్లి గోల, ముఖం మసకైతే పిల్ల ఏడుపు.

దీని కిటుకు చాలామందికి తట్టదు. పిల్ల కెమెరాకి 2 మీటర్ల దూరంలో ఉంది, అద్దం ఆమెకి ఇంకో మీటరు ముందుంది అనుకోండి. అద్దంలో ముఖం ఎంత దూరంలో ఉన్నట్టు? అద్దం దగ్గర కాదు. వెలుతురు ముఖం నుంచి అద్దానికి వెళ్లి, అక్కడి నుంచి కెమెరాకి రావాలి కాబట్టి సుమారు 4 మీటర్లు. అంటే జడకి ఒక ఫోకసు, ముఖానికి దానికి రెట్టింపు దూరంలో ఇంకొకటి. అద్దం చట్రానికి ఫోకస్ చేసినవాడికి చట్రం మీది నగిషీ బ్రహ్మాండంగా వస్తుంది. జడా ముఖమూ రెండూ మసకే.

మేం చేసేది ఇదీ. యాషికా మ్యాట్ కెమెరాని స్టాండ్ మీద బిగించి, వెలుతురు వచ్చే కన్నమైన అపర్చర్‌ని ఎఫ్ 16కి ముడిచి, 2 మీటర్లకీ 4 మీటర్లకీ నట్టనడుమ మూడు దగ్గర కాకుండా కాస్త ఇటువైపు, 2.7 మీటర్ల దగ్గర ఫోకస్ పెట్టేవాళ్లం. ఆ 80 మిల్లీమీటర్ల లెన్స్‌కి రెండు నుంచి నాలుగు మీటర్ల దాకా అంతా ఒప్పుకోదగ్గ స్పష్టతలోకి వచ్చేస్తుంది. చిక్కు ఒకటుంది. అపర్చర్ అంత ముడిస్తే లోపలికి వచ్చే వెలుతురు చాలదు. షట్టర్ అర సెకను తెరిచి ఉంచాలి. 'ఊపిరి బిగబట్టమ్మా, కదలకు' అనేది ఆ అర సెకను కోసమే.

ఉద్యోగం చేస్తూ పరీక్షలకి చదివే కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి రెండిటి మీదా ఫోకస్ కుదరట్లేదంటే ఈ పూలజడ లెక్కే చెబుతాను. కుదురుతుంది బాబూ, రెండూ వస్తాయి. ఏదీ కత్తిలా రాదు, టైము మాత్రం ఎక్కువ పడుతుంది, ఆ టైములో నువ్వు కదలకూడదు. దీనికి సిద్ధమైతే మొదలుపెట్టు.

3. పిట్ట కన్ను ఒక్కటే చూస్తే పెళ్లి ఆల్బమ్ రాదు

ఏకాగ్రత అనగానే అందరూ అర్జునుణ్ని తెస్తారు. చెట్టు కనిపించలేదు, కొమ్మ కనిపించలేదు, పిట్ట కన్నే కనిపించింది. బాణం వేసేవాడికి బాగానే ఉంది. తాళి కట్టే వేళ వరుడి చేతిని మాత్రమే చూస్తూ కూర్చున్న ఫోటోగ్రాఫర్‌కి, పక్కన కళ్లు తుడుచుకుంటున్న పెళ్లికూతురి తండ్రి దొరకడు.

మనకి అర్జునుడి కంటే దగ్గరి ఉదాహరణ అవధానం. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు. నిషిద్ధాక్షరి ఇచ్చేవారు అక్షరం అక్షరానికీ అడ్డం పడతారు. గంట కొట్టేవారు మధ్యమధ్య కొడుతుంటారు, ఎన్ని కొట్టారో అవధాని లెక్క చెప్పాలి. అప్రస్తుత ప్రసంగి పనే దారి తప్పించడం. అవధాని ఒకరి దగ్గరే కూర్చోడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చెబుతూ నాలుగుసార్లు చుట్టి వస్తాడు, చివర్లో ధారణ చేసి పద్యాలన్నీ పూర్తిగా అప్పజెబుతాడు. ఫోటోలు తీస్తూ దగ్గర్నుంచి గమనించాను. ఆయన చెదరకుండా ఉండడు, చెదురుతాడు. అప్రస్తుత ప్రసంగికి నవ్వుతూ బదులిస్తాడు, సభని నవ్విస్తాడు. కానీ ఇచ్చిన మాటలతో అల్లాల్సిన దత్తపది పద్యాన్ని ఏ మాట దగ్గర వదిలాడో అక్కడికే తిరిగి వస్తాడు. మళ్లీ అదే గుర్తు దగ్గరికి రింగు తిప్పుకోవడం! ఎప్పుడూ చెదరని మనసు కావాలని ధ్యానం క్లాసుల చుట్టూ తిరిగేవాళ్లు ఒక్క అవధానం చూస్తే బాగుంటుంది.

4. ఫోకస్ లైటు పడితే చాలదు

మా ఊళ్లో పౌరాణిక నాటకం ఆడితే లైట్లు అద్దెకిచ్చేవాడు రాజు. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాల్లో కృష్ణుడు రాయబారం పద్యం ఎత్తుకోగానే ఫోకస్ లైటు ఆయన కిరీటం మీదికి తిరిగేది. మిగతా రంగమంతా చీకటి. అంత వెలుగులో ఫోటో తీయడం తేలిక అనుకుంటారు. తేలిక కాదు. ముఖం తెల్లగా మాడిపోతుంది, కిరీటం పూసలు తళుక్కుమంటాయి, కళ్లు కనిపించవు. వెలుతురు పడటం వేరు, స్పష్టంగా కనిపించడం వేరు.

పేపర్లు, టీవీలు పెట్టే ఫోకస్ ఎక్కువగా ఈ లైటు రకమే. ఒక ఊరి మీద నాలుగు రోజులు వెలుగు కొట్టి, ఇంకో ఊరి మీదికి తిప్పేస్తారు. ఆ ఊరి చెరువు ఎవరు ఆక్రమించారో, సర్వే నంబరు ఏమిటో చీకట్లోనే ఉండిపోతుంది.

ప్రభుత్వ ఆఫీసుల్లో ఇంకో వాడుక ఉంది, ఫోకల్ పోస్టు, నాన్ ఫోకల్ పోస్టు అని. బదిలీల కాలంలో ఎక్కువ వినిపిస్తుంది. జనం పడిగాపులు కాసే కుర్చీ ఫోకల్, ఎవరూ తొంగిచూడనిది నాన్ ఫోకల్. ఫోకల్ పోస్టు కోసం ఎందుకంత పోటీయో వివరించనక్కర్లేదు.

5. కొలిచే పరికరాన్నీ కొలవండి

1977లో కోనికా సీ35 ఏఎఫ్ వచ్చింది, తనంతట తాను ఫోకస్ చేసుకుని జనంలోకి వెళ్లిన మొదటి కెమెరా. ఆ మరుసటి ఏడు పోలరాయిడ్ కంపెనీ శబ్ద తరంగాలతో దూరం కొలిచే కెమెరా తెచ్చింది. చీకట్లోనూ పనిచేసేది. కిటికీ అద్దం అవతల మనిషిని తీయబోతే మాత్రం శబ్దం అద్దానికే తగిలి వెనక్కొచ్చేది. 1985లో మినోల్టా 7000 వచ్చాక మా రింగులకి పని తగ్గింది. ఇవాళ్టి కెమెరాలు కళ్లని వెతికి పట్టుకుంటాయి. మంచిదే, వాటిని నేను తిట్టను. కానీ తెల్లటి గోడ ముందు తెల్లచొక్కా మనిషిని నిలబెట్టి, చొక్కా మీదే గురిపెట్టి చూడండి, చాలా ఆటోఫోకస్‌లు తడబడతాయి. వాటికి ఏదో ఒక అంచు, గీత కావాలి. ఉత్తరీయం జరీ అంచు చూపిస్తే ఠక్కున పట్టుకుంటాయి. ఇక ఫోన్లలో పోర్ట్రెయిట్ మోడ్ అనేది లెన్స్ పని కాదు, లెక్క వేసి పూసిన మసక. అప్పుడప్పుడు జుంకా సగం కూడా ఆ మసకలో కలిసిపోతుంది.

యంత్రాన్ని నమ్మడం గురించి ఇంతకన్నా పెద్ద కథ ఉంది. 1990లో హబుల్ టెలిస్కోపుని అంతరిక్షంలోకి పంపారు. 2.4 మీటర్ల అద్దం, దాని నునుపు అద్భుతం. తీరా బొమ్మలు చూస్తే మసక. అద్దం అంచు దగ్గర ఉండాల్సిన దానికన్నా 2.2 మైక్రాన్లు చదునుగా ఉంది, అంటే వెంట్రుక మందంలో ఏ పాతిక ముప్పయ్యో వంతు. కారణం కొలిచే పరికరంలోనే దొరికింది. అద్దాన్ని పరీక్షించే సాధనంలో ఒక లెన్సు 1.3 మిల్లీమీటర్లు తప్పు దూరంలో బిగించి ఉంది. తప్పు కొలతకి ఏమాత్రం తేడా రాకుండా అద్దాన్ని అరగదీశారు. వేరే పరీక్షల్లో తేడా కనిపించినా వాటిని పట్టించుకోలేదు. 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్లి సరిచేసే అద్దాలు అమర్చాక గానీ చూపు రాలేదు.

6. ఊగిన చోటు వేరు, పుట్టిన చోటు వేరు

2024 డిసెంబరు 4 పొద్దున్న ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూమి కంపిస్తే హైదరాబాదులో కూడా తెలిసింది. అందరూ ములుగు పేరే చెప్పుకున్నారు. అది పైన నేల మీది చోటు. అసలు రాయి జారింది దాని కింద సుమారు 40 కిలోమీటర్ల లోతున, దాన్నే శాస్త్రవేత్తలు భూకంప నాభి అంటారు, ఇంగ్లీషులో ఫోకసే. ఇంట్లో పెద్ద గొడవ అయినప్పుడల్లా నాకు ఇది గుర్తొస్తుంది. చట్నీలో ఉప్పు దగ్గర మొదలైనట్టు కనిపిస్తుంది. లోపల పొలం పంపకం ఉంటుంది.

7. చత్వారం దాచుకోకండి

నలభై దాటాక పేపరు చేతులు చాచి చదవాల్సి వస్తుంది. కంటిలోని లెన్స్ గట్టిపడి, దగ్గరి వస్తువుకి ఉబ్బడం మానేస్తుంది. వ్యాయామాలతో పోదు, కళ్లజోడే మందు. నెగెటివ్‌ల మీద పెన్సిలుతో టచింగ్ చేసే మంచి మంచి పనివాళ్లు, కళ్లజోడు పెట్టుకుంటే ముసలాడంటారని నామోషీ పడి పని పాడుచేసుకోవడం చూశాను.

పిల్లల సంగతి దీనికి తిరకాసు. వాళ్లకి దగ్గర బాగానే కనిపిస్తుంది, దూరంగా ఉన్న బోర్డు అలుక్కుపోతుంది. అందరికీ అలాగే కనిపిస్తుందనుకుని ఇంట్లో చెప్పరు. పక్కవాడి నోట్సు చూసి రాసుకుంటుంటే టీచరుకి అల్లరిగా తోస్తుంది. శిబిరాలు పెట్టి కంటి పరీక్షలు చేసే కంటి వెలుగు పథకం తెలంగాణలో 2018లో మొదలైంది. ఆంధ్రలో 2019లో వైఎస్సార్ కంటి వెలుగుని బడి పిల్లలతోనే ప్రారంభించారు. శిబిరం వచ్చినా రాకపోయినా, ఫోకస్ లేదని పిల్లాణ్ని కోప్పడే ముందు ఒకసారి కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి.