మూడు ఉన్నంత మాత్రాన త్రయం కాదు

తెనాలి

చిరంజీవి మనవరాలికి,

‘త్రయం అంటే మూడే కదా తాతయ్యా, మరి ఇన్ని అర్థాలెందుకు?’ అని బాపట్ల నుంచి రాశావు. ఏ మూడింటిని ఎందుకు ఒకచోట చేర్చారో తెలిస్తేనే ఆ మాట తెలిసినట్టమ్మా.

కవిత్రయాన్నే తీసుకో. నన్నయది 11వ శతాబ్దం, తిక్కనది 13, ఎర్రనది 14. ఒకరి ముఖం ఒకరు చూసినవాళ్లు కారు. నన్నయ భారతం అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయింది. తిక్కన దాన్ని ముట్టుకోకుండా విరాటపర్వం అందుకుని 15 పర్వాలు పూర్తిచేశాడు. మిగిలిన అరణ్యపర్వ శేషాన్ని ఎర్రన నన్నయ రచన అన్నట్టుగానే పూరించాడు. ఎంత వినయమో చూడు! వాళ్లను త్రయం చేసింది ఆ ఒక్క గ్రంథమే. సంగీతత్రయం అలా కాదు. త్యాగరాజు, దీక్షితులు, శ్యామశాస్త్రి ముగ్గురూ తిరువారూరులో పుట్టిన సమకాలికులు, ఎవరి కీర్తనలు వారివే.

దగ్గు పట్టినప్పుడు నానమ్మ తేనెలో రంగరించి నాకించేది త్రికటుకం. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు సమపాళ్లలో దంచి జల్లించిన పొడి అది. ఒక్కటి తగ్గినా ఆ పేరు చెల్లదు.

అన్నిటికన్నా నాకు ఇష్టమైన మాట తాపత్రయం. ‘పిల్లల చదువు కోసం తాపత్రయపడుతున్నాడు’ అంటాం, అందులో మూడున్నాయని ఎవరికీ తట్టదు. జ్వరమో దిగులో వస్తే ఆధ్యాత్మికం. పాము కరిచినా దొంగ దోచినా ఆధిభౌతికం. 1977 నవంబరులో దివిసీమనూ రేపల్లె తీరాన్నీ ముంచిన ఉప్పెన ఆధిదైవికం. మనిషిని కాల్చే బాధలన్నీ ఈ మూడింట్లో ఇమిడిపోతాయని పెద్దలు లెక్కగట్టారు. వాడుకలో లెక్క పోయి ఆరాటం మిగిలింది. ‘వాడికి మూడింది’ అనేదాన్ని మాత్రం ఇందులో కలపకు. అక్కడ మూడు సంఖ్య కాదు, క్రియ.

సంఖ్యే అయినా ప్రతి మూడూ త్రయం కాదు. 1892లో పురావస్తు శాస్త్రవేత్త అలెగ్జాండర్ రే భట్టిప్రోలు బౌద్ధస్తూపం తవ్విస్తే శాసనాలు చెక్కిన ధాతుపేటికలు మూడు బయటపడ్డాయి. మూడు కనిపించాయి కదా అని త్రిరత్నాలకో త్రిపిటకాలకో ముడిపెట్టేవు! అవి మూడు పేటికలు, అంతే. వాటి గొప్పతనం ఆ అక్షరాల్లో ఉంది, కొన్ని అశోకుడి బ్రాహ్మీ లిపికి భిన్నంగా ఉంటాయి.

సెలవులకు తెనాలి వస్తే రేపల్లె బండెక్కి భట్టిప్రోలులో దిగుదాం. ఈలోగా నీకు తెలిసిన త్రయాలన్నీ రాసిపెట్టు. ఒక్కోదాని పక్కన, ఆ మూడే ఎందుకో ఒక్క వాక్యం ఉండాలి.

మీ తాతయ్య