పురద్వారమునొద్ద జరిగిన పెండ్లి

పాఠ్యభాగము: రూతు 4:1–12. మత్తయి 19:3–9 కూడ చదువుడి.



బోయజు రూతును పెండ్లాడగోరినప్పుడు మొదట ఎక్కడికి పోయెను? యాజకునియొద్దకు కాదు, పురద్వారమునొద్దకు. అక్కడ ఊరి పెద్దలను పదిమందిని కూర్చుండబెట్టి, దగ్గరి బంధువును పిలిచి, పొలము సంగతియు విధవరాలి సంగతియు అందరి యెదుట తేల్చుకొనెను. చెప్పు తీసి ఇచ్చుట ఆ దినములలో సంతకము వంటిది. పెద్దలు తాము సాక్షులమని ఒప్పుకొనిన తరువాతనే దీవెన పలికిరి. రూతు పరదేశురాలు, విధవరాలు, బీదరాలు. ఆ సాక్ష్యము అందరికంటె ఆమెకే ఎక్కువ అవసరము.

దేవుడు జతపరచినదానికి సర్కారు కాగితమెందుకని మన సంఘములలో కొందరు అడుగుదురు. పట్టణములలో మరికొందరు, ఇద్దరి మనస్సులు కలిసిన చాలును, పెండ్లితో చట్టమునకు పనిలేదందురు. రెండు మాటలు వేరుగా వినబడినను, భర్త బ్రతికి మంచివాడై యున్నంతవరకే రెండును చెల్లును.

కల్హేర్, నారాయణఖేడ్ ప్రాంతమువారి సంబంధములు బీదరు వైపునను, దెగ్లూరు వైపునను, రాష్ట్రపు ఎల్లలు దాటి పోవును. పని వెదకుచు హైదరాబాదునకు పోవు కుటుంబములు అనేకములు. ఒకడు అక్కడ కట్టడపు పనిలో పడి మరణించెననుకొనుడి. పనిలో మరణించినవాని విధవరాలికి పరిహారమియ్యవలెనని 1923 నుండియు చట్టములో ఉన్నది. కాని తాను భార్యనని ఆమె చూపవలెను. పెండ్లి విందు తిన్న నూరుమంది ఊరిలో నుందురు. కాగితమడుగు అధికారి పట్టణములో నుండును. ఇంతలో, అసలు పెండ్లియే కాలేదనుటకు భర్త అన్నదమ్ములకు సందు దొరకును.

మన పెండ్లిండ్లకు 1872 నాటి భారత క్రైస్తవ వివాహ చట్టము వర్తించుచున్నది. అధికారము పొందిన గురువుగాని, లైసెన్సుగలవారుగాని, రిజిస్ట్రారుగాని జరిపింపని క్రైస్తవ వివాహము ఆ చట్టము ప్రకారము చెల్లదు. ఇది ఎరుగక, ఎవరో బోధకునిచేత పందిరిలో ప్రార్థన చేయించుకొని ఊరకుండువారున్నారు. ప్రార్థన మంచిదే, రిజిస్టరు ఏది? అందులో వధూవరులు, పెండ్లి జరిపినవారు, ఇద్దరు సాక్షులు సంతకములు చేయవలెను. 2002లో అప్పటి ఆంధ్రప్రదేశ్ శాసనసభ వివాహముల నమోదును తప్పనిసరి చేసెను. 2006లో సుప్రీంకోర్టు అన్ని మతములవారి విషయములోను అట్లే చెప్పెను. ఆదివారపు ఆరాధనలో పెండ్లి ప్రకటన చదువుటయు పురద్వారపు పనియే. కట్నము 1961 నుండి నేరము. అయినను దాని లెక్క పైసలతో సహా చూచుకొను ఇండ్లలో ఒక్క సంతకమునకు తీరిక లేకపోవుట వింత!

అట్లని చట్టము తప్పులేనిది కాదు. 1869 నాటి విడాకుల చట్టములో భర్త తన భార్య వ్యభిచారమొక్కటి రుజువు చేసిన చాలును. భార్య మాత్రము, భర్త వ్యభిచారముతోపాటు క్రూరత్వమో, విడిచిపోవుటయో మరియొక నేరము కూడ చూపవలసియుండెను. ఆ భేదము 2001లో గాని పోలేదు. 132 సంవత్సరములు మన గుడులలో ఇద్దరిచేతను ప్రమాణములు పలికించితిమి; త్రాసు ఒక వైపునకు వంగియున్నదని ఎంతమందిమి గమనించితిమి?

మోషే పరిత్యాగ పత్రమును అనుమతించినది మనుష్యుల హృదయకాఠిన్యమును బట్టియని ప్రభువు తెలియజేసెను. చట్టముయొక్క స్థానము అక్కడ తెలియుచున్నది. అది ప్రేమను పుట్టింపలేదు. కఠినహృదయుడు వెళ్లగొట్టిన స్త్రీ చేతిలో ఒక పత్రమునైన ఉంచును. మలాకీ 2:14 చూడుడి. అక్కడ దేవుడే పెండ్లికి సాక్షి. ఆయన సాక్ష్యము మోసపోయిన భార్య పక్షముననే యున్నది.

వధువునకు 18, వరునికి 21 సంవత్సరములు నిండనిదే రిజిస్టరు తెరువరాదు. పాస్టరుగారు బడి సర్టిఫికెటు అడిగినయెడల పెద్దలు చిన్నబుచ్చుకొనవద్దు. వివాహపు ధ్రువపత్రపు ప్రతి ఒకటి, పందిరి విప్పకముందే, వధువు చేతికి ఇయ్యుడి.