పప్పుల డబ్బాల వెనక చిన్న ఫ్రిజ్

చెల్లీ, పొయ్యి కట్టేసి ఇలా వచ్చి కూర్చో. ఒక సంగతి చెప్పాలి.

మా వీధి చివర కిరాణా కొట్టుందా, అందులో పప్పుల డబ్బాల వెనక గుడ్డ కప్పిన చిన్న ఫ్రిజ్. పొద్దున్న ఆరున్నరకి పాలప్యాకెట్ కోసం వెళ్తే, నా పక్కనే ఒకాయన క్వార్టర్ సీసా, ప్లాస్టిక్ గ్లాసు, నీళ్ల ప్యాకెట్ తీసుకుపోతున్నాడు. వైన్ షాపు ధర మీద 20 రూపాయలు ఎక్కువ. లైసెన్సు లేదు. బెల్టు షాపంటే అదే. మా పక్కింటి వదిన స్టేషన్‌కి వెళ్లి చెప్పింది. తను ఇల్లు చేరేలోగా ఆ కబురు కొట్టుకి చేరింది. "పెద్దాయన మనిషి, నీకెందుకమ్మా" అన్నారట. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు.

లైసెన్సున్న వైన్ షాపులిచ్చే పద్ధతి చూస్తే ఏ వంకా పెట్టలేం. ఆంధ్రాలో 2024 అక్టోబరులో 3,396 షాపులకి లాటరీ తీశారు. దరఖాస్తుకే 2 లక్షలు, షాపు రాకపోతే ఆ డబ్బూ రాదు. తెలంగాణలో 2,620 షాపులు, 2025లో దరఖాస్తు 3 లక్షలు. అంత పోసినవాడికి సరుకు కదలాలి. అది ఊళ్లోకి దిగేచోటే అండ కావాలి. ఎవరి మీద కేసు రాయాలో, ఎవరి గుమ్మం దాటి పోవాలో అక్కడ ఒక్క ఫోను తేలుస్తుంది.

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు గుర్తున్నారా? రాత్రిబడిలో అక్షరాలు దిద్దుకుంటూనే సారా కొట్టు మూయించారు. వర్ధినేని రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది అప్పుడే. నాకు అన్నిటికన్నా నచ్చేది ఆ తర్వాతి అడుగు. 1992లో జిల్లా ఆడవాళ్లు సారా పాట జరిగే చోటికే పోయి అడ్డం నిలిచారు. పాట వాయిదా మీద వాయిదా పడింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధాన్ని మాత్రం 1997లో ఎత్తేశారు. అది తలుచుకుంటే నాకిప్పటికీ కడుపు మండుతుంది.

ఇప్పుడు పాటల్లేవు. కానీ సీసా మూత మీద హోలోగ్రామ్ లేబుల్ ఉంటుంది, చూశావా? ఆ సీసా ఏ డిపో నుంచి ఏ షాపుకి వెళ్లిందో తెలుసుకోడానికే ఆ ఏర్పాటు. వారం నుంచి మా మురిక్కాలవ పక్కన లేబుల్ చెడని సీసాలు ఏరుతున్నాం. గోనెసంచి సగం నిండింది. సోమవారం పదిమందిమి కలిసి ఎక్సైజ్ ఆఫీసుకి తీసుకెళ్తాం. వదిన కూడా వస్తానంది. ఈసారి ఒంటరిగా పంపం.